బస్తా, సీసా, పెసర మొలక: మొక్క ఒంట్లోకి ఏది ఎంత చేరుతుందో తేల్చడం ఎలా?

కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున మాకు కొద్దిగా పొలం ఉంది. ఉభాలు (వరి నాట్లు) అయిన మూడో వారంలో, యూరియా వేసే అదను చూసుకుని, మా బావమరిది ఎరువుల కొట్టు నుంచి ఫోన్ చేశాడు. "బావా, అరలీటరు నానో యూరియా సీసా ఒకటి చూపించి ఇది బస్తా యూరియాకి సమానమంటున్నారు. తీసుకోమంటావా?" అదే రోజు సాయంత్రం పర్లాకిమిడిలో ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి బడి సైన్సు ఎగ్జిబిషన్ టెన్షన్‌లో ఉంది. "నాన్నా, మొక్క మట్టిని తిని పెరుగుతుందని చూపించాలి. కుండీని ముందొకసారి, తర్వాతొకసారి తూకం వేస్తే చాలు కదా?"

ఒకటి పొలం సంగతి, ఒకటి బడి సంగతి. ప్రశ్న మాత్రం ఒక్కటే. మొక్క ఒంట్లోకి ఏ పదార్థం, ఎక్కడి నుంచి, ఎంత చేరింది? నాలుగు వందల ఏళ్లుగా శాస్త్రవేత్తలు దీని మీద ప్రయోగాలు చేస్తూనే ఉన్నారు. వాళ్లలో చాలా తెలివైనవాళ్లు కూడా తప్పు జవాబులు చెప్పారు. తూకం సరిగ్గా వేయలేక కాదు, ప్రయోగాన్ని కట్టిన తీరులోనే ఏదో ఒకటి లెక్కకు రాకుండా పోయినందుకు. అది ఎలా జరుగుతుందో చూస్తే సీసా ప్రశ్న కూడా విడిపోతుంది.

'తిండి' అనే మాటలో ఉన్న చిక్కు

మా వైపు రైతులు గత్తం (పశువుల ఎరువు) వేసినా యూరియా వేసినా "పైరుకి తిండి పెట్టాం" అంటారు. పిల్లల పాఠంలో మాత్రం మొక్క తన ఆహారాన్ని తానే తయారు చేసుకుంటుందని ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయిన మా పిల్లలకు 'సార' అంటే ఎరువా, ఆహారమా అన్న సందేహం దీనికి తోడు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే మాటలోనే చదువు చెప్పాలని ఆయన పట్టుబట్టారు. అందుకని 'తిండి'ని పక్కన పెట్టకుండా, దాన్ని విడదీసి చూద్దాం.

ఒక పదార్థం వేరులోకో ఆకులోకో చేరడం ఒక సంగతి. చేరినది మొక్కలో పైకీ కిందికీ ప్రయాణించడం ఇంకో సంగతి. అది మొక్క ఒంట్లో భాగమై నిలిచిపోవడం మూడోది. అది లేకపోతే మొక్క బతకలేకపోవడం, అంటే అవసరం, నాలుగోది. నీళ్లనే తీసుకోండి. వేరు పీల్చిన నీటిలో నూటికి 97 వంతులకు పైగా ఆకుల రంధ్రాల గుండా ఆవిరై పోతుంది. చేరింది, ప్రయాణించింది, కానీ నిలవలేదు.

తూకంలో కూడా రెండు రకాలున్నాయి. కోసిన వెంటనే తూచితే వచ్చేది పచ్చి బరువు. నీరంతా పోయేదాకా ఆరబెట్టి తూచితే వచ్చేది ఎండు బరువు. పొద్దున కోసిన తోటకూర కట్ట మధ్యాహ్నానికి తేలికైపోతుంది. అందులో ఆకు పోలేదు, నీరు పోయింది. మొక్క నిజంగా ఎంత కట్టుకుందో చెప్పేది ఎండు బరువే.

పొయ్యి బూడిద, మిల్లు బూడిద

ఎండు బరువులో ఏముందో చూడడానికి ల్యాబ్ అక్కర్లేదు, పొయ్యి చాలు. కర్ర కాలినప్పుడు గాలిలోంచి వచ్చినది మళ్లీ గాలిలోకే పోతుంది. మట్టిలోంచి వచ్చిన లవణాలు బూడిదగా మిగులుతాయి (నైట్రోజన్ మాత్రం మట్టి నుంచి వచ్చినా పొగతో పోతుంది). గుమ్మ కొండల్లో సవరలు పోడు కొట్టి చెట్లు కాల్చినప్పుడు నేలకు దక్కేది ఈ బూడిదే. అడవి ఏళ్ల తరబడి లోతు నుంచి పైకి తోడిపెట్టిన పొటాషియం, కాల్షియం ఒక్కసారిగా పై మట్టికి వస్తాయి.

ఎండుకర్ర కిలో కాలిస్తే బూడిద సుమారు పది గ్రాములు. బెరడు ఎక్కువుంటే ఇంకాస్త. రైస్ మిల్లు వెనక్కి వెళ్లి చూడండి, ఊక కాల్చిన బూడిద గుట్టలుగా ఉంటుంది. కిలో ఊక కాలిస్తే దాదాపు రెండు వందల గ్రాములు మిగులుతుంది. అందులో అత్యధిక భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. వరి వేరు నీటిలో కరిగిన సిలికాను పట్టి పట్టి లోపలికి పంపుతుంది. ఆకు గరుకుగా ఉండి చెయ్యి కోసేది దానివల్లే.

ఇంత పీల్చుకునే సిలికాలోని సిలికాన్ అనే మూలకం, మొక్కలన్నిటికీ తప్పనిసరి అని ఒప్పుకున్న 17 మూలకాల జాబితాలో లేదు. 1939లో ఆర్నన్, స్టౌట్ అనే శాస్త్రవేత్తలు పెట్టిన కొలబద్ద ప్రకారం, ఒక మూలకం లేకపోతే మొక్క తన జీవితచక్రం పూర్తి చేయలేకపోవాలి, దాని పనిని ఇంకొకటి చేయలేకపోవాలి, మొక్క జీవక్రియలో దానికి నేరుగా పాత్ర ఉండాలి. సిలికా లేకున్నా వరి గింజ కడుతుంది. తెగుళ్లకు లొంగుతుంది, పడిపోతుంది, దిగుబడి తగ్గుతుంది. అందుకే దాన్ని 'ఉపయోగకరం' అన్న వరుసలో పెట్టారు. వరి రైతుకు ఈ తేడా పెద్దగా పట్టదు, పట్టనవసరమూ లేదు. ప్రయోగం చేసేవారికి మాత్రం ఇది ప్రాణం: లోపల దొరికిందంటే అవసరమని కాదు.

విల్లో చెట్టు లెక్కలో రెండు ఔన్సులు

మా అమ్మాయి చేద్దామనుకున్న ప్రయోగాన్ని 17వ శతాబ్దంలో బ్రస్సెల్స్ దగ్గర యాన్ బాప్టిస్ట్ వాన్ హెల్మాంట్ చేశాడు. కొలిమిలో ఆరబెట్టిన 200 పౌన్ల మట్టిని కుండీలో పోసి, 5 పౌన్ల విల్లో మొక్కను నాటాడు. దుమ్ము పడకుండా చిల్లులున్న రేకు మూత పెట్టాడు. వాన నీరో, స్వేదన జలమో తప్ప ఏమీ పోయలేదు. ఐదేళ్లకు చెట్టు 169 పౌన్లకు పైగా తూగింది. మట్టిని మళ్లీ ఆరబెట్టి తూస్తే తగ్గింది దాదాపు రెండు ఔన్సులు. అంటే చెట్టంతా నీళ్లతోనే తయారైందని ఆయన తేల్చాడు. ఆయన పోయాక, 1648లో ఇది అచ్చయింది.

నాకు ఈ ప్రయోగమంటే గౌరవం. మొక్క మట్టిని తిని పెరుగుతుందని దాదాపు రెండు వేల ఏళ్లుగా నమ్ముతున్న కాలంలో, త్రాసు పట్టుకుని ఐదేళ్లు ఓపిక పట్టిన మనిషి. మట్టి గురించి ఆయన చెప్పింది నిజం కూడా. అయితే ఆయన అంకెల్నే మళ్లీ లెక్క వేద్దాం.

చెట్టు పెరిగింది 164 పౌన్లు, అంటే సుమారు 74 కిలోలు. అది పచ్చి బరువు. సగం నీరనుకుంటే ఎండు బరువు 37 కిలోలు. నూటికి ఒక వంతు బూడిద లెక్కన మట్టి లవణాలు 370 గ్రాములు ఉండాలి. ఆయనకు కనిపించిన రెండు ఔన్సులు 57 గ్రాములు. ఆరింతల తేడా ఎక్కడిది? సన్న వేళ్లు తెగి మట్టిలో ఉండిపోతే మట్టి బరువు పెరుగుతుంది. మూత చిల్లుల్లోంచి దుమ్ము పడి ఉండొచ్చు. మట్టి రెండుసార్లూ ఒకే మోతాదులో ఆరకపోయి ఉండొచ్చు. అన్నిటికీ మించి, 90 కిలోల మట్టిలో 57 గ్రాములంటే పది కిలోలకు ఆరు గ్రాములు. కొంచెం తేమ చాలు, ఆ తేడా మాయం కావడానికి. రాలిన ఆకుల్ని తూచలేదని ఆయనే రాసుకున్నాడు.

ఇవన్నీ చిన్న లోపాలు. పెద్దది వేరే ఉంది. లెక్కపుస్తకంలో ఆయన రెండే ఖాతాలు తెరిచాడు, మట్టి, నీరు. గాలికి ఖాతా లేదు. 'గ్యాస్' అనే మాటను పుట్టించింది ఈయనే. 62 పౌన్ల బొగ్గు కాలిస్తే ఒక్క పౌను బూడిదే మిగిలిందని, మిగిలిన 61 పౌన్లు కంటికి కనపడని గ్యాస్‌గా వెళ్లిపోయాయని రాసింది కూడా ఈయనే. చెట్టు నుంచి గాలిలోకి వెళ్లినదాన్ని చూసిన మనిషికి, గాలిలోంచి చెట్టులోకి అదే రాగలదని తట్టలేదు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

నీరొక్కటే అన్న వాదాన్ని 1699లో జాన్ వుడ్‌వర్డ్ దెబ్బతీశాడు. పుదీనా కొమ్మల్ని రకరకాల నీళ్లలో పెంచాడు: వాన నీరు, థేమ్స్ నది నీరు, తోట మట్టి కలిపిన నీరు. నీరే ఆహారమైతే అన్నీ ఒకేలా పెరగాలి. మట్టి కలిసిన నీటిలోవే బాగా పెరిగాయి. ఒక్క మొక్కను ఐదేళ్లు చూడడం కన్నా, ఒకే ఒక్క తేడాతో నాలుగు మొక్కల్ని పక్కపక్కన పెట్టడం ఎక్కువ సంగతులు చెబుతుందని అక్కడ తెలిసింది.

మహేంద్రగిరి కన్నా ఎత్తైన గాలి

గాలి ఖాతా తెరవడానికి ఇంకో వందేళ్లు పట్టింది. 1770లలో ప్రీస్ట్‌లీ, ఇంగెన్‌హౌజ్, ఆ తర్వాత సెనెబియె మొక్కకూ గాలికీ వెలుతురుకూ లంకె కుదిర్చారు. 1804లో సోస్యూర్ మూసిన గాజుపాత్రల్లో గాలిని కొలిచి, కార్బన్ వచ్చేది కార్బన్ డయాక్సైడ్ నుంచేనని, దాంతో పాటు నీరు కూడా మొక్క బరువులో కలుస్తుందని చూపాడు.

ఎంత గాలి? మన పొలం లెక్క వేద్దాం. ఎకరానికి 20 క్వింటాళ్ల ధాన్యం, అంతే గడ్డి అనుకుందాం. తేమ తీసేస్తే సుమారు 3,500 కిలోలు. వరిలో ఎండు బరువులో 40 శాతం కార్బన్ అనుకుంటే 1,400 కిలోలు. ఇప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల వంతుల్లో సుమారు 425. ఆ లెక్కన ఒక ఘనమీటరు గాలిలో కార్బన్ గ్రాములో అయిదో వంతు మాత్రమే. 1,400 కిలోలు పోగవ్వాలంటే దాదాపు 68 లక్షల ఘనమీటర్ల గాలి కావాలి. ఆ గాలిని ఎకరం మీద నిలువుగా పేరిస్తే ఎత్తు సుమారు 1,700 మీటర్లు. మా జిల్లాలోని మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. మన మడిలో నిలబడి, కొండ శిఖరం దాటి పైదాకా ఉన్న గాలిలోని కార్బన్‌నంతా ఒక పంటలో పైరు జల్లెడ పట్టినట్టు. గాలి కదులుతూనే ఉంటుంది కాబట్టి పైరుకు కొరత రాదు.

చీకట్లో పెరిగిన పెసలు: ప్రయోగాన్ని కట్టే తీరు

మా అమ్మాయి కుండీని వదిలేసి పెసలు తెచ్చుకుంది. మట్టిని తూచడమే కష్టం కాబట్టి మట్టే లేకుండా చేయాలన్నది మొదటి ఆలోచన. తడి గుడ్డ మీద మొలకెత్తితే బరువు మార్పు నీటి వల్లా గాలి వల్లా తప్ప ఇంకెక్కడి నుంచీ రాదు.

యాభై గింజలు సుమారు రెండు గ్రాములు. ఎండు బరువు తెలియాలంటే గింజను వేడిలో ఆరబెట్టాలి, ఆరబెడితే అది మొలవదు. అందుకని తోటి గింజల్ని బలి ఇవ్వాలి: ఒకే బస్తాలోంచి, ఒకే బరువున్న యాభై గింజల గుంపులు పదిహేను తీసి, ఐదింటిని మొదటి రోజే ఆరబెట్టి తూచేయాలి. మొదటి బరువుకు అవే సాక్ష్యం. ఐదు గుంపులు చీకటి పెట్టెలో, ఐదు కిటికీ దగ్గర. ఐదేసి ఎందుకంటే ఒక గుంపులో పుచ్చు గింజలు పడొచ్చు, ఒకదానికి నీరు తక్కువ కావచ్చు. ఐదూ ఒకే దారిలో నడిస్తేనే నమ్మకం. ఎండ కిటికీ వైపు మొలకలు ఒకవైపుకి వాలతాయి కాబట్టి గిన్నెల చోటు రోజూ మార్చాలి. తూకానికి కూరగాయల త్రాసు పనికిరాదు, గ్రాములో వందో వంతు చూపే బంగారం కొట్టు త్రాసు కావాలి.

పది రోజులకు ఇలా వచ్చిందనుకుందాం. మొదటి రోజు ఎండు బరువు 1.8 గ్రాములు. చీకటి మొలకలు పొడుగ్గా, పాలిపోయి, పచ్చి బరువులో ఐదారు రెట్లు పెరిగి కనిపిస్తాయి. ఆరబెడితే ఒకటిన్నర గ్రాములే. పెరిగినట్టు కనిపించిన మొక్క నిజానికి తగ్గింది! గింజలో దాచుకున్నదాన్ని శ్వాసలో కాల్చేసి, కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పంపేసింది. వెలుతురులోవి పొట్టిగా, ఆకుపచ్చగా ఉండి, ఎండు బరువులో వీటి కన్నా ఎక్కువ తూగుతాయి. అంకెలు గింజల్ని బట్టి మారతాయి, దిశ మాత్రం ఇదే.

పచ్చి బరువు ఒక్కటే చూసి ఉంటే "చీకట్లో నీళ్లు తాగి మొక్క బాగా పెరిగింది" అని తేల్చేసేవాళ్లం. వాన్ హెల్మాంట్ జవాబు అదే కదా!

ఇక్కడొక అభ్యంతరం రావాలి. తేడా వెలుతురు వల్ల వచ్చింది సరే, గాలి వల్ల వచ్చిందని ఎలా చెప్తారు? ఆ మాట తేలాలంటే ఇంకో గుంపు ఉండాలి: వెలుతురులోనే, గాజు సీసా బోర్లించి, లోపల కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసే కాస్టిక్ పొటాష్ (ఎరువు పొటాష్ కాదు) ద్రావణం పెట్టి. దాని పక్కనే అలాంటి సీసాలోనే మామూలు నీటి గిన్నె పెట్టిన గుంపు కూడా ఉండాలి. లేకపోతే సీసా లోపలి వేడి, తేమ చేసిన పనిని కార్బన్ ఖాతాలో రాసేస్తాం. పొటాష్ చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి ఆ భాగం బడి ల్యాబ్‌లో టీచరు చేతుల మీదుగానే జరగాలి.

ఎర్ర సిరాలో తెల్ల పువ్వు చూపేది, చూపనిది

ఎగ్జిబిషన్లలో తప్పక కనిపించేది ఎర్ర సిరాలో పెట్టిన తెల్ల చామంతి. గంటల్లో రేకుల మీద ఎర్ర చారలు వస్తాయి. చూడముచ్చటగా ఉంటుంది. నీరు కాండంలో సన్నని గొట్టాల గుండా పైకి వెళ్తుందని చూపడానికి బాగా పనికొస్తుంది. కానీ దాని కింద "మొక్క పదార్థాలను ఎలా తీసుకుంటుంది" అని చీటీ అంటిస్తే తప్పు. ఆ పువ్వుకు వేరు లేదు.

వేరు లోపల నీటిగొట్టాల చుట్టూ ఒక కణాల వరుస ఉంటుంది. ఆ కణాల సందుల్ని మైనం లాంటి పట్టీ మూసేస్తుంది. దాంతో నీటితో వచ్చిన పదార్థాలన్నీ ఒక్క గుమ్మం గుండానే, కణపు పొర గుండానే లోపలికి వెళ్లాలి. ఆ పొర కొన్నిటిని రానిస్తుంది, కొన్నిటిని ఆపుతుంది, కొన్నిటిని శక్తి ఖర్చుపెట్టి మరీ లాక్కుంటుంది. కాండం కోసేస్తే ఆ గుమ్మమే పోయింది. వేరుతో పీకిన మొక్కను కూడా సిరాలో పెట్టి పక్కన చూపిస్తే ఆ ఎగ్జిబిట్ విలువ పెరుగుతుంది. పీకేటప్పుడు సన్నవేళ్లు తెగితే రంగు అడ్డదారిన దూరుతుందని గుర్తుంచుకోవాలి.

నీరు పైకెక్కే తీరు మీద కూడా గట్టి వాదమే నడిచింది. ఆకుల్లో ఆవిరైన నీరు కింది నీటిని తాడులా లాగుతుందని 1894లో డిక్సన్, జోలీ చెప్పారు. అది జీవకణాల స్పందన వల్ల జరిగే పని అని జగదీశ్ చంద్ర బోస్ 1923లో పుస్తకమే రాశారు. అంతకుముందే 1891లో స్ట్రాస్‌బర్గర్ చెట్ల కాండాల్లోకి విషం ఎక్కించి కణాల్ని చంపినా నీరు పైకి పోవడం చూశాడు. అందుకే ఇప్పుడు ఎక్కువమంది డిక్సన్ వైపున్నారు.

శుభ్రం ఎక్కువై తప్పిన ప్రయోగం

వాన్ హెల్మాంట్ ఒక ఖాతాను మర్చిపోయాడు. దానికి పూర్తి వ్యతిరేకమైన తప్పు ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో జరిగింది. ఈ కథను నేను ఎక్కువగా చెబుతుంటాను, ఎందుకంటే అక్కడివాళ్లు చేయాల్సినవన్నీ చేశారు.

మన వైపు వరి కోశాక ఆ పదునులోనే పెసర, మినుము జల్లుతాం. పప్పు పంట వేసిన నేల బలపడుతుందని ఎవరూ చెప్పకుండానే తాతలకు తెలుసు. ఫ్రాన్స్‌లో బుస్సెంగో 1830లలో పంటమార్పిడి పొలాల్లో నైట్రోజన్ జమాఖర్చు వేసి, పప్పు జాతి పంటల్లో జమ ఎక్కువగా ఉందని గమనించాడు. ఆ నైట్రోజన్ గాలి నుంచే వచ్చిందా? తేల్చాలని 1857-58లో రోథామ్‌స్టెడ్‌లో లాస్, గిల్బర్ట్, ప్యూ పూనుకున్నారు. మట్టిలో ముందే ఉన్న నైట్రోజన్ లెక్క చెడగొట్టకుండా మట్టిని బాగా కాల్చారు. గాజు కప్పుల కింద మొక్కలు పెంచారు. లోపలికి పోయే గాలిలోంచి అమ్మోనియాను కడిగేశారు. వాళ్ల ఫలితం: మొక్కలు గాలి నుంచి నైట్రోజన్ తీసుకోవు. అంత శుభ్రమైన ప్రయోగాన్ని ఎవరు కాదంటారు? దాదాపు ముప్పై ఏళ్లు అదే నిలిచింది.

1886లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్ఫార్త్ చిక్కు విప్పారు. శుద్ధి చేసిన ఇసుకలో బఠానీ మొక్కలు నైట్రోజన్ లేక కుంగిపోయాయి. అదే ఇసుకలో కొంచెం పొలం మట్టి కలిపిన తేట పోస్తే ఏపుగా లేచాయి. ఆ తేటను మరిగించి పోస్తే మళ్లీ కుంగిపోయాయి. మరిగిస్తే చచ్చేది ఏదో ఆ తేటలో ఉంది. వేరు బుడిపెల్లో ఉండే బాక్టీరియా అది. ఈసారి పెసర మొక్కను జాగ్రత్తగా పీకి, వేళ్ల మీద ఆవగింజంత బుడిపెను గోటితో చిదిమి చూడండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే అది పని చేస్తున్నట్టు. రోథామ్‌స్టెడ్‌లో మట్టిని కాల్చినప్పుడు కాలిపోయింది వీళ్లే.

ఆ శాస్త్రవేత్తలు అబద్ధం చెప్పలేదు. మొక్క ఒంటరిగా గాలి నైట్రోజన్‌ను తీసుకోదన్నది ఇప్పటికీ నిజం. పొలంలో మొక్క ఒంటరిగా ఉండదు, అంతే.

ఆనవాలు పెట్టి పంపిన అణువులు

తూకం ఎంత బాగా వేసినా ఒక ప్రశ్నకు జవాబు రాదు: మొక్కలో ఉన్న ఈ అణువు ఏ దారిన వచ్చింది? మట్టి నైట్రోజన్, ఎరువు నైట్రోజన్ లోపల కలిసిపోతే విడదీయలేం. సంతలో కలిసిపోయిన మేకల్ని చెవి గాటు చూసి గుర్తుపట్టినట్టు, అణువులకు ఆనవాలు పెడితేనే దారి తెలుస్తుంది. అదే ఐసోటోపు పద్ధతి: ఒకే మూలకం, బరువులోనో రేడియోధార్మికతలోనో తేడా.

1923లో హెవెసీ చిక్కుడు కుటుంబపు మొక్క వేళ్లను రేడియోధార్మిక సీసం (లెడ్ లోహం) కలిపిన నీటిలో ఉంచాడు. సీసం ఎక్కువగా వేళ్లలోనే ఉండిపోయి, పైకి కొద్దిగానే ఎక్కింది. చేరడం, ప్రయాణించడం వేరువేరని అణువుల స్థాయిలో కనిపించింది. 1941లో రూబెన్, కామెన్ బృందం బరువైన ఆక్సిజన్ వాడి, మొక్కలు విడిచే ఆక్సిజన్ నీటి నుంచి వస్తుందని చూపింది.

దీంతో పాత లెక్క ఒకటి మారింది. 180 గ్రాముల గ్లూకోజులో కార్బన్ 72, ఆక్సిజన్ 96, హైడ్రోజన్ 12 గ్రాములు. విడిచే ఆక్సిజన్ నీటిదైతే, చక్కెరలో నిలిచిన ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌ది. అంటే 180లో 168 గ్రాములు గాలివి, 12 గ్రాములే నీటివి. చక్కెర బరువులో 93 శాతం గాలి నుంచి వచ్చింది!

సీసా, బస్తా: ఒకే కాటాలో

ఇప్పుడు మా బావమరిది ప్రశ్న. నానో యూరియా 2021లో మార్కెట్లోకి వచ్చింది. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నైట్రోజన్, అంటే 20.7 కిలోలు. తొలి రకం అరలీటరు సీసాలో 4 శాతం, అంటే 20 గ్రాములు. తర్వాత వచ్చిన 20 శాతం రకంలో 100 గ్రాములు. వరి ఒక టన్ను ధాన్యం పండించడానికి సుమారు 15 నుంచి 20 కిలోల నైట్రోజన్ పోగుచేసుకుంటుంది.

సీసాను సమర్థించేవారి మాటలో బలం ఉంది. బస్తా యూరియాలో చాలా భాగం పైరుకు దక్కదు, ఆవిరై పోతుంది, నీటితో కొట్టుకుపోతుంది. పైరుకు చేరేది మూడో వంతు, మహా అయితే ఇంకొంచెం. ఆకు మీద సన్నని కణాలుగా చల్లితే ఆ నష్టం ఉండదని, 94 పంటల్లో 11 వేల రైతు పొలాల్లో చేసిన పరీక్షల్లో సగటున 8 శాతం దిగుబడి పెరిగిందని తయారీదారులు చెబుతున్నారు. సంచుల మోత, సబ్సిడీ భారం, చెరువుల్లో చేరే నైట్రేటు తగ్గుతాయన్నదీ కొట్టిపారేయాల్సిన మాట కాదు.

అభ్యంతరం చెప్పేవారు లెక్క చూపిస్తారు. బస్తాలో మూడో వంతే చేరినా అది దాదాపు ఏడు కిలోలు. సీసాలోది చుక్క పోకుండా చేరినా 20 గ్రాములు. మూడు వందల రెట్లకు పైగా తేడా. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్ల క్షేత్ర పరీక్షల్లో మామూలు పద్ధతితో పోలిస్తే నానో యూరియా వాడిన చోట వరి దిగుబడి 13 శాతం, గోధుమ 21.6 శాతం తగ్గింది.

తూకం లెక్క నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. ఇరవై గ్రాములు ఏడు కిలోల స్థానంలో నైట్రోజన్‌గా కూర్చోలేవు. దిగుబడి తగ్గని పొలాల్లో ఆ నైట్రోజన్ ఇంకెక్కడి నుంచో వచ్చి ఉండాలి: నేలలోని నిల్వ నుంచి, గత్తం నుంచి, మొదట వేసిన ఎరువు నుంచి. లేదా సీసా తిండిగా కాక, పైరును ఉత్తేజపరిచే మందుగా పనిచేసి ఉండాలి. ఏది నిజమో తేలేది మళ్లీ ప్రయోగం కట్టిన తీరులోనే.

పూర్తి యూరియా మడిని, సగం యూరియా ప్లస్ సీసా మడిని పక్కపక్కన పెట్టి, రెండూ సమానంగా పండాయి కాబట్టి సీసా గెలిచిందంటే వాన్ హెల్మాంట్ దారిలో నడిచినట్టే. సగం యూరియా మాత్రమే వేసి, సీసా కొట్టని మడి ఎక్కడ? అది కూడా సమానంగా పండితే ఆ పొలానికి మిగతా సగం అక్కర్లేదన్నమాట, సీసా చేసిందేమీ లేదు. ఉత్త నీళ్లు పిచికారీ చేసిన మడి కావాలి. అదే 20 గ్రాముల నైట్రోజన్‌ను మామూలు యూరియాగా నీటిలో కరిగించి చల్లిన మడి కావాలి, లేకపోతే 'నానో' అన్న మాటకు దక్కాల్సిన ఫలితమేదో తెలియదు. ఒక్క ఏడాదితో ఆపకూడదు, నేల నిల్వ మొదటి పంటను కాపాడి రెండో పంటలో బయటపడొచ్చు. చివరగా సీసాలోని నైట్రోజన్‌కు బరువైన ఐసోటోపు ఆనవాలు పెడితే, గింజలో ఉన్న నైట్రోజన్‌లో సీసాది ఎంతో నేరుగా కొలవొచ్చు.

ఇదంతా ఫోన్లో చెప్పలేను కదా. బస్తా మానొద్దని, కావాలంటే సీసా ఒకటి తెచ్చి ఐదేసి సెంట్లలో చూడమని అన్నాను. తూము దగ్గరి మడిలో నీరు, ఒండ్రు ఎక్కువ, చివరి మడిలో తక్కువ. అందుకని రెండు చోట్లా విడివిడిగా గట్లు వేశాడు. ప్రతిచోటా ఒక ముక్క బస్తాది, ఒకటి సీసాది, ఒకటి ఏ పైఎరువూ లేనిది, వెదురు పుల్లలకు మూడు రంగుల గుడ్డలు కట్టి. మొన్న వెళ్లినప్పుడు ఏమీ వేయని ముక్కను చూపించి మా అత్తగారు నొచ్చుకున్నారు. "చూస్తూ చూస్తూ పైరుని పస్తు పెట్టారేటి?" అన్నారు. ఆ ముక్క ఆకు తక్కిన వాటికన్నా కొంచెం లేతపసుపుగా ఉంది. ధాన్యం వేరువేరుగా కోసి, నూర్చి, ఒకే తేమకు ఆరబెట్టి తూచేదాకా ఆ రంగును బట్టి ఏమీ రాసుకోవద్దని మా బావమరిదికి చెప్పి వచ్చాను.